కమ్యూనిటీలో సెన్సర్లు పెడతామంటున్నారు, నాన్న ససేమిరా అంటున్నారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా ఒప్పుకున్నారు?

బెజవాడ అమ్మాయి (ప్రస్తుతం బెంగళూరు)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమ్మానాన్న గన్నవరం వెళ్ళే దారిలో ఒక సీనియర్ సిటిజన్స్ కమ్యూనిటీలో ఉంటున్నారు. నాన్నకి 76, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అమ్మకి 71, షుగరుంది, మోకాళ్ళు అరిగిపోయాయి. నేను బెంగళూరులో, అన్నయ్య డల్లాస్‌లో. భోజనం, డాక్టరు, గుడి అన్నీ లోపలే ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్ళూ మాకు పెద్ద దిగులు లేదు.

ఈమధ్య వాళ్ళ బ్లాకులోనే ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన రాత్రి బాత్రూంలో జారిపడ్డారు. పొద్దున పాలు వేసే కుర్రాడు తలుపు కొడితే పలకలేదని ఆఫీసులో చెబితే, వాళ్ళు వచ్చి తాళం తీసి చూశారట. తుంటి ఎముక విరిగింది, రాత్రంతా ఆ టైల్స్ మీదే ఉన్నారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు అర్ధరాత్రి ఫోన్ మోగితే చేతులు వణుకుతున్నాయి.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్ళు ప్రతి ఫ్లాట్‌లో హాల్లో, బెడ్‌రూంలో, బాత్రూం గుమ్మం దగ్గర కదలికలు చూసే సెన్సర్లు, చేతికి బటన్ ఉన్న బ్యాండు, మాటతో పనిచేసే స్పీకరు పెడతామంటున్నారు. కావాలంటే హాల్లో కెమెరా కూడా అట. అంతా ఒక యాప్‌లో వస్తుంది, పిల్లలు ఎక్కడున్నా చూసుకోవచ్చు. అన్నయ్య వెంటనే డబ్బు కట్టేశాడు. అమ్మ సరే అంది. నాన్న మాత్రం, "నేను రాత్రి ఎన్నిసార్లు లేచానో వాడు డల్లాస్‌లో కూర్చుని లెక్క చూసుకోవాలా?" అని ఆ బ్యాండు తీసి బీరువాలో పెట్టేశారు.

నాన్నకి టెక్నాలజీ అంటే భయమేం కాదు. కూరగాయల బండి దగ్గర ఫోన్‌తోనే డబ్బులిస్తారు, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు, కరెంటు బిల్లు ఆయనే కడతారు. అందుకే ఇది నేర్పిస్తే పోయే సమస్యలా కనిపించడం లేదు. మీ అమ్మానాన్నల్ని మీరెలా ఒప్పించారు? కెమెరా నిజంగా అవసరమా? మేనేజ్‌మెంట్‌ని ఏమేం అడగాలి? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

రిటైర్డ్ గార్డు, సత్యనారాయణపురం

అమ్మా, నాకు 78. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయాక నేను కూడా అలాంటి చోటికే మారాను, కాబట్టి మీ నాన్నగారి వైపు నుంచి చెబుతాను.

మా వయసువాళ్ళకి పరికరాలంటే పడదని అందరూ అనుకుంటారు. అది తప్పు. పెన్షన్ ఆగకుండా ఉండాలంటే, బతికే ఉన్నామని మాకు ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఒకప్పుడు బ్యాంకుకి వెళ్ళి క్యూలో నిలబడేవాళ్ళం. 2014లో ఆ సర్టిఫికెట్ డిజిటల్‌గా ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చింది కానీ అప్పుడు ఎక్కువగా వేలిముద్రే పెట్టాలి, ముసలివాళ్ళ వేళ్ళు అరిగిపోయి మెషీను తీసుకునేది కాదు, మళ్ళీ మళ్ళీ తుడిచి పెట్టించేవారు. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలన్నారు. ఇప్పుడు మా బ్లాకులో ఎనభై దాటినవాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని ఆ పని చేసేసుకుంటున్నారు. ఎవరూ బతిమాలలేదు. అందులో మా పని అవుతోంది, మమ్మల్ని మేమే చూపించుకుంటున్నాం, ఒక నిమిషం తర్వాత అది మమ్మల్ని చూడదు. మీ అన్నయ్య పెట్టించే పరికరం రోజంతా చూస్తూనే ఉంటుంది. తేడా అక్కడుంది.

ఇంకో మాట. డబ్బు కట్టాక మీ నాన్నగారికి చెప్పారా, కట్టకముందు అడిగారా? మీరు రాసినదాన్ని బట్టి కట్టాకే తెలిసినట్టుంది. నలభై ఏళ్ళు క్లాసులో చెప్పిన మనిషిని, ఆయన పడుకునే గదిలో ఏం బిగించాలో అడక్కుండా నిర్ణయించేస్తే బీరువాలో పెట్టక ఏం చేస్తారు?

మా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి అడిగింది, "నాన్నా, నాకు ఒక్కటి తెలిస్తే చాలు, పొద్దున మీరు లేచారా లేదా." నేను సరేనన్నాను. నేను మంచం దిగి హాల్లోకి వచ్చాక దానికి ఫోన్‌లో ఒక పచ్చ గుర్తు వస్తుంది. ఎన్నింటికి లేచాను, ఎన్నిసార్లు లేచాను అనేవి దానికి కనిపించవు. ఎనిమిదైనా గుర్తు రాకపోతే ముందు నాకే ఫోన్ చేస్తుంది, నేను ఎత్తకపోతే అప్పుడు ఆఫీసుకి. ఇద్దరికీ హాయిగా ఉంది.

బ్రాడీపేట సిస్టర్

నేను నర్సుని. గుంటూరులో హాస్పిటల్లో చేశాక కొన్నేళ్ళు ఒక సీనియర్ హోంలో రాత్రి డ్యూటీలు చేశాను. గార్డుగారు చెప్పింది నిజం, దానికి కొంచెం కలుపుతాను.

మీ నాన్నగారికి కోపం తెప్పించిన ఆ లెక్క ఉంది చూడండి, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నది, మా నర్సులకి అన్నిటికంటే పనికొచ్చే సంగతి అదే. రోజూ రెండుసార్లు లేచే మనిషి ఉన్నట్టుండి ఐదారుసార్లు లేస్తుంటే యూరిన్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగర్ పెరిగి ఉండొచ్చు, కొత్తగా వేసిన బీపీ మాత్ర కావచ్చు. పెద్దవాళ్ళలో చాలాసార్లు జ్వరం రాదు, మంట కూడా చెప్పరు, నేరుగా తికమక పడి పడిపోతారు. మీ అమ్మగారికి షుగరుందన్నారు, ఆమెకి ఇది మరీ ముఖ్యం. కాబట్టి ఆ లెక్క తీసుకోవాలి, కానీ అది వెళ్ళాల్సింది కొడుకు ఫోన్‌కి కాదు, కమ్యూనిటీ నర్సు దగ్గరికి. ఈ మాట మీ నాన్నగారితో ఇలాగే చెప్పి చూడండి. డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడని మనిషి కూడా పిల్లలకి చెప్పడానికి సిగ్గుపడతాడు, అది సహజం.

ఇక చేతి బ్యాండు. మన ఎండలకి ఆ రబ్బరు కింద చెమట పట్టి దురద పుడుతుంది. దాంతో తీసేస్తారు. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్పకుండా తీసేస్తారు, పడిపోయేది ఎక్కువగా అక్కడే. నేను చూసినవాళ్ళలో చాలామంది బ్యాండు దేవుడి గదిలో అలమారలో కనిపించేది. నీళ్ళు తగిలినా పాడవనిది, గుడ్డ పట్టీ ఉన్నది దొరికితే మంచిది. మెళ్ళో వేసుకునేది చాలామంది ఆడవాళ్ళు ఇష్టపడతారు, సూత్రాలతోపాటు ఉండిపోతుంది.

బాత్రూంలో లాగే తాడు ఉందేమో చూడండి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ తాడు నేలకి జానెడు ఎత్తుదాకా వేలాడాలి, ఎందుకంటే పడ్డ మనిషి నేలమీద ఉంటాడు, లేచి అందుకోలేడు. మా దగ్గర తుడిచేటప్పుడు చీపురుకి అడ్డమొస్తోందని, తడిసి నల్లబడుతోందని పనమ్మాయిలు దాన్ని ముడివేసి టవల్ రాడ్డుకి కట్టేసేవారు. డ్యూటీ ఎక్కగానే ప్రతి బాత్రూంలోకి వెళ్ళి ఆ ముళ్ళు విప్పడం నా మొదటి పని. వాళ్ళ తప్పు కాదు, అది ఎందుకుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మీరు ఈసారి వెళ్ళినప్పుడు ముందు అది చూడండి, యాప్ తర్వాత.

మేనేజ్‌మెంట్‌ని అడగాల్సిందల్లా ఒకటే. రాత్రి రెండింటికి బటన్ నొక్కితే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు, వాళ్ళ దగ్గర తాళం ఉంటుందా? నోటితో చెబితే నమ్మకండి. అక్కడ ఒక రాత్రి ఉండి, అమ్మగారికి ముందే చెప్పి, నొక్కి చూడండి.

సెన్సర్లు బిగించే తమ్ముడు, కానూరు

అక్కా, మాది ఇదే పని. సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు, ఇప్పుడు ఈ సెన్సర్లు. అమ్మేవాళ్ళు చెప్పనివి కొన్ని చెబుతా.

మామూలు మోషన్ సెన్సర్ మన ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడాని పట్టుకుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో గోడలు కూడా ఒళ్ళంత వేడిగా ఉంటాయి, ఆ తేడా తగ్గిపోయి మనిషి ఉన్నా సరిగ్గా పట్టదు. బెజవాడలో పెట్టేటప్పుడు ఇది ఆలోచించాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి పరీక్ష చేయించండి, వానాకాలంలో బిగించి బాగుందని వెళ్ళిపోతే కుదరదు.

కెమెరా వద్దు. హాల్లో పెడితే నాన్నగారు బనీనుతో తిరగడానికి కూడా మొహమాటపడతారు, పైగా పడేది బాత్రూంలో, అక్కడ ఎవరూ కెమెరా పెట్టరు, పెట్టకూడదు. దానికి రాడార్ సెన్సర్లు వచ్చాయి, రేడియో తరంగాలతో పనిచేస్తాయి, బొమ్మ తీయవు, మనిషి నిలబడ్డాడా నేలమీద ఉన్నాడా అన్నది మాత్రం చెబుతాయి, చీకట్లోనూ పనిచేస్తాయి. ధర ఎక్కువే. ఫ్యానూ కర్టెనూ ఊగితే కొన్ని తప్పుగా మోగుతాయి, ఎక్కడ బిగించాలో తెలిసినవాడితో పెట్టించాలి.

చేతి వాచీలు పడిపోవడాన్ని పట్టుకుంటాయి అంటారు. యాపిల్ వాచీలో 2018లోనే వచ్చింది, గట్టిగా పడి, ఆ తర్వాత నిమిషంపాటు కదలకపోతే తనే ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తుంది. కానీ పెద్దవాళ్ళు చాలాసార్లు ధడేల్మని పడరు, గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడతారు. అది వాచీకి తెలియకపోవచ్చు. బటన్ తప్పకుండా ఉండాలి.

ఇంకోటి కరెంటు. సెన్సరుకి బ్యాటరీ ఉన్నా వైఫై పెట్టెకి కరెంటు లేకపోతే మెసేజ్ వెళ్ళదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు బెజవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకి చార్జింగ్ లేదు. అంత పెద్ద వరదకి ఏ పరికరమూ ఆగదనుకోండి, కానీ గాలివానకి పోయే రెండు గంటల కరెంటుకన్నా ఆగాలి కదా. రౌటర్ని యూపీఎస్ మీద పెట్టారా, సిమ్ కార్డు బ్యాకప్ ఉందా అడగండి.

అలారం చప్పుడు కూడా. వయసుతో ముందు పోయేది సన్నటి కీచు శబ్దాలు వినే శక్తి. మామూలు పొగ అలారాలు 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల కీచుమంటాయి, వినికిడి తగ్గినవాళ్ళకి నిద్రలో అవి వినబడవు. 520 హెర్ట్జ్ బొంగురు శబ్దానికి బాగా లేస్తారని పరీక్షల్లో తేలింది. వంటింట్లో పెట్టేది కొనేటప్పుడు చూసుకోండి.

మొదట ఏం పెట్టాలని అడిగితే, మంచం కింద సెన్సర్ లైటు. కాలు కింద పెట్టగానే బాత్రూం దాకా సన్నగా వెలుగు వస్తుంది. ఇది వద్దన్న పెద్దాయన నాకు ఇంతవరకు తగల్లేదు.

ఎడిసన్ అబ్బాయి, స్వస్థలం తెనాలి

అందరూ నాన్నగారి వైపు మాట్లాడుతున్నారు, న్యాయమే. కానీ డల్లాస్ అన్నయ్య గురించి కూడా ఒక్క మాట. ఇండియాలో అర్ధరాత్రి అయితే అమెరికాలో మాకు మధ్యాహ్నం, ఆఫీసులో మీటింగ్ మధ్యలో అమ్మ ఫోన్ రెండుసార్లు ఎత్తకపోతే మాకు కాళ్ళూ చేతులూ ఆడవు. టికెట్ బుక్ చేసి, రెండు ఫ్లైట్లు మారి ఇంటికి చేరడానికి ఒక రోజు దాటిపోతుంది. ఆ దూరం మోసేవాడికి ఆ యాప్ ఒక ఆసరా. నిఘా పెట్టాలని ఎవడూ కట్టడు.

అలాగని, పచ్చ గుర్తు ఒక్కటే చాలన్న గార్డుగారి మాట నాకు నిజంగా నచ్చింది. నేను కూడా మా నాన్నతో ఆ లెక్కల గురించి పోట్లాడి ఉన్నాను కాబట్టి చెబుతున్నా, యాప్‌లో అంకెలు ఎన్ని ఎక్కువ కనిపిస్తే టెన్షన్ అంత ఎక్కువ. రాత్రి మూడుగంటలకి లేచి నీళ్ళు తాగినా మేము ఇక్కడ ఏదో అయిందనుకుంటాం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. పెద్దవాళ్ళు వద్దన్న ప్రతిసారీ అది ఆత్మాభిమానం అనుకోకండి. కొంతమంది నెలనెలా కట్టే డబ్బు గురించి వద్దంటారు, పిల్లల డబ్బు ఖర్చవుతుందని. కొంతమందికి ఈ డిజిటల్ అరెస్టుల వార్తలు విని, ఇంట్లో ఏ మైకు ఉన్నా ఎవడో వింటాడని భయం. నాన్నగారిది ఏదో ముందు కనుక్కోండి, విడివిడిగా. ఆ మోసాల భయమే అయితే సైబర్ మోసాల ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1930 నంబరు ఆయన ఫోన్‌లో సేవ్ చేసి చూపించండి, అలాంటి ఫోన్ వస్తే దానికి చెప్పాలని.

నాగార్జునసాగర్ రోడ్డు స్కాలర్

ఈ విషయం మీదే చదువుతున్నాను కాబట్టి నాలుగు ముక్కలు.

టెక్నాలజీని జనం ఎందుకు వాడతారు అన్నదానికి అందరూ చెప్పేది 1989లో అమెరికా పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ పెట్టిన నమూనా. పనికొస్తుందనిపించాలి, వాడటం తేలికనిపించాలి, ఈ రెండూ ఉంటే వాడతారు. ఆఫీసుల్లో అది బాగానే నడిచింది. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సరిపోలేదు. 2014లో హాంకాంగ్‌లో కె చెన్, అలన్ చాన్ అనే ఇద్దరు 55 దాటిన 1,012 మందిని అడిగి చూస్తే, పనికొస్తుందన్న అభిప్రాయం కంటే ఆరోగ్యం, చదువు, "నేను చేయగలను" అన్న ధీమా, భయం, పక్కన సాయం చేసే మనిషి ఉండటం, వీటితోనే ఎవరు వాడతారో ఎక్కువగా తెలిసింది. అంటే "ఇది మీకు మంచిది నాన్నా" అని వందసార్లు చెప్పడం కంటే, బటన్ పనిచేయకపోతే ఎవరిని పిలవాలో తెలియడం ముఖ్యం.

సరిగ్గా మీ పరిస్థితికి దగ్గరది ఇంకోటి ఉంది. 2004లో అమెరికాలో జార్జ్ డెమిరిస్ బృందం ఒక రిటైర్మెంట్ హోంలో 15 మంది పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఇలాంటి సెన్సర్ల గురించే మాట్లాడించింది. మొత్తమ్మీద వాళ్ళు సుముఖంగానే ఉన్నారు. వాళ్ళ అనుమానాలు ఏమిటంటే, వాడటం కష్టమేమో, మోగితే అవతల మనిషి పలుకుతాడా, మా వయసుకి తగ్గట్టు ఎవరు నేర్పుతారు. బ్రాడీపేట సిస్టర్ చెప్పింది, ఆ పెద్దవాళ్ళు అడిగింది ఒకటే చూడండి.

మిస్సోరీ రాష్ట్రం కొలంబియాలో టైగర్‌ప్లేస్ అని ఒక కమ్యూనిటీ 2004 నుంచి నడుస్తోంది, అక్కడి యూనివర్సిటీ వాళ్ళు ఇళ్ళలో సెన్సర్లు పెట్టి చూస్తూ వచ్చారు. మంచం పరుపు కింద ఒకటి, గదుల్లో కదలికకి ఒకటి. మార్పు కనిపిస్తే నర్సుకి కబురు వెళ్ళేది. వీడియోకి బదులు మనిషి నీడలాంటి ఆకారం మాత్రమే కనిపించేలా చేస్తే అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు.

చట్టం వైపు నుంచి కూడా మీకు కొంత బలం ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటా తీసుకోవడానికి ఆ మనిషే ఒప్పుకోవాలి, కొడుకు డబ్బు కట్టినంత మాత్రాన తండ్రి ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకోలు కాగితం తెలుగులో అడిగే హక్కుంది, ఒప్పుకున్నంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు, అయినా ఇప్పుడే కాగితం మీద అడగండి. రిటైర్మెంట్ హోంల గురించి కేంద్రం 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాల్లో బిల్డింగు కట్టినవాళ్ళు, సేవలందించేవాళ్ళు, కొనుక్కున్నవాళ్ళు ముగ్గురి మధ్య ఒప్పందం ఉండాలని ఉంది. మీ ఒప్పందంలో ఈ సెన్సర్ల సంగతి ఎక్కడుందో చూడండి.

బెజవాడ అమ్మాయి (ప్రస్తుతం బెంగళూరు)

అందరికీ చాలా చాలా థాంక్స్. శనివారం బెజవాడ వెళ్ళి వచ్చాను.

ముందు బాత్రూంలోకి వెళ్ళి చూశాను సిస్టర్, తాడు పైకి ముడేసి ఉంది. విప్పాను, తుడిచే అమ్మాయిని కూర్చోబెట్టి ఆ పడిపోయిన పెద్దాయన సంగతి చెప్పాను. "మాకెవరూ చెప్పలేదమ్మా" అంది, తర్వాత తనే పక్క ఫ్లాట్లలో కూడా విప్పుకుంటూ వెళ్ళింది. రాత్రి బటన్ నొక్కి చూశాం. సెక్యూరిటీ అబ్బాయి వచ్చాడు కానీ తాళం ఆఫీసులో ఉందట, మళ్ళీ పరిగెత్తాడు. పొద్దున మేనేజర్ని అడిగితే రాత్రి షిఫ్టు దగ్గరే తాళాలు ఉంచుతామని రాసిచ్చారు.

నాన్నతో ఒక్కదాన్నే కూర్చుని మాట్లాడాను, అన్నయ్యని ఫోన్‌లో కూడా పెట్టలేదు. గార్డుగారు అన్నదే, కట్టాక చెప్పారు అన్నదే ఆయన బాధ. అప్పుడు ఆయనే ఒక కాగితం తీసుకుని రాశారు. కెమెరా, స్పీకరు వద్దు. పిల్లలకి పొద్దున గుర్తు ఒక్కటే. రాత్రి లెక్క నర్సుకి, అది కూడా అమ్మది ముందు, తనది నెల చూశాక చెబుతారట. లైటు మాత్రం రెండు మంచాలకీ పెట్టమన్నారు. అన్నయ్య ఆ కాగితం ఫొటో చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత సరేనన్నాడు. వాడికి ఇంకా పూర్తిగా మనసొప్పలేదని నాకు తెలుసు.

బ్యాండు బీరువాలోంచి బయటికి వచ్చింది కానీ రోజూ చార్జింగ్ పెట్టడం ఇద్దరూ మర్చిపోతున్నారు. దానికేమైనా మార్గం ఉందా?

రిటైర్డ్ గార్డు, సత్యనారాయణపురం

మంచి పని చేశావమ్మా. చార్జరు డైనింగ్ టేబుల్ దగ్గర ప్లగ్గులో పెట్టండి, మంచం దగ్గర వద్దు. రాత్రి భోజనానికి కూర్చునేటప్పుడు తీసి పెట్టడం, చెయ్యి కడుక్కుని వచ్చి వేసుకోవడం. భోజనం చేసేటప్పుడు ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరుంటారు కాబట్టి ఆ కాసేపు బ్యాండు లేకపోయినా పర్లేదు. స్నానానికి ముందు, పడుకునే ముందు మాత్రం తియ్యొద్దని చెప్పు. ఒక్క భోజనంలో నిండకపోతే పొద్దున టిఫిన్ దగ్గర ఇంకోసారి.